తాళం బాగుచేయమంటే గుమ్మం జరిపేశారు

మా పెదనాన్నగారి దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్నారంటే అది పక్కన ఉండాల్సిందే. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి కాబట్టి ఏదైనా అంకెలు వేసుకుని రాస్తారు. ‘ప్రింటు తీయడం: 1. కుడివైపు పైన గుర్తు నొక్కాలి. 2. కింద నుంచి ఐదోది. 3. నీలం బటన్.’ మెనూలో ఉన్న మాటలు ఆయన చదవరు. అక్షరాలు చిన్నవి, చదివినా ఆ భాష తలకెక్కదంటారు. ఏది ఎక్కడుందో అదే ఆయనకు గుర్తు.

ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు.

“అమ్మాయ్, ఐదోది నొక్కితే ప్రింటు రావడం లేదు. ఇంకేదో తెరుచుకుంటోంది.”

“బ్రౌజర్ అప్‌డేట్ అయినట్టుంది పెదనాన్నా. ప్రింటు ఇప్పుడు ఇంకో మెనూ లోపలికి వెళ్లింది.”

“లోపలికంటే ఎక్కడికి? నేనేం నొక్కలేదే!”

“మీరేం చేయలేదు. దానంతట అదే మారింది.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “నేనే తప్పు రాసుకున్నానేమోలే” అన్నారు.

ఆ ఆఖరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయన పుస్తకంలో తప్పేమీ లేదు. ముందురోజు రాత్రి కంప్యూటర్ కట్టేసి పడుకునే వరకూ ఐదోది నొక్కితే ప్రింటే వచ్చింది. రాత్రికి రాత్రి ఎవరో వచ్చి మెనూ సర్దేసి పోయారు. ఆ సర్దినవాళ్లకు ఈయన సంగతి తెలియదు, ఎప్పటికీ తెలియదు కూడా. ఎందుకంటే ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయరు. తప్పు తనదేననుకుంటారు.

బ్రౌజర్ రూపం మారినప్పుడల్లా జనం విసుక్కోవడం, కొన్నాళ్లకు సర్దుకుపోవడం మామూలే కదా, దీనికింత రాద్ధాంతమా అని అడగొచ్చు. విసుగు సంగతి పక్కన పెడదాం. నా అభ్యంతరం వేరే ఉంది. అప్‌డేట్ అనే ఒకే పొట్లంలో రెండు రకాల సరుకు కట్టి పంపుతున్నారు. ఒకటి భద్రతా లోపాల మరమ్మతు. అది వద్దనడానికి లేదు, వద్దనకూడదు కూడా. రెండోది రూపం మార్పు: ట్యాబులు గుండ్రంగా అవడం, బటన్లు చోటు మారడం, నిన్నటిదాకా లేని సైడ్‌బార్ ఒకటి వచ్చి కూర్చోవడం. ఇది కావాలా వద్దా అన్నది వాడేవాడి ఇష్టం కావాలి. రెండూ కలిపి కట్టేసరికి, మొదటిది కావాలంటే రెండోది కళ్లు మూసుకుని మింగాల్సి వస్తోంది.

ఒకప్పుడు ఈ కట్టడి లేదు. కొత్త వెర్షన్ వచ్చిందంటే దించుకోవాలో వద్దో మనిష్టం. దానివల్ల జరిగిన నష్టమూ తక్కువేం కాదు. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 బ్రౌజర్‌ను పదేళ్ల తర్వాత కూడా ఎంతోమంది వాడుతూనే ఉంటే, దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టే 2011లో ‘ఇక వదిలేయండి బాబూ’ అంటూ ప్రత్యేకంగా ఒక వెబ్‌సైట్ పెట్టి ప్రచారం చేయాల్సి వచ్చింది. 2008లో వచ్చిన గూగుల్ బ్రౌజర్ క్రోమ్ ఈ తలనొప్పికి మందు కనిపెట్టింది. అడగకుండా, చడీచప్పుడు లేకుండా తనంతట తానే అప్‌డేట్ అయిపోవడం ఆ మందు. 2010లో ఆరు వారాలకో వెర్షన్ ఇస్తామంది. మరుసటి ఏడాది ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ కూడా అదే బాట పట్టింది. 2011 మార్చిలో నాలుగో వెర్షన్ వస్తే, జూన్‌లోనే ఐదోది వచ్చేసింది. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ 2020లో, క్రోమ్ 2021లో ఆరు వారాలను నాలుగుకు తగ్గించాయి.

దీనివల్ల మేలే జరిగింది. భద్రతలో కన్నం బయటపడిన కొద్ది రోజుల్లోనే కోట్ల కంప్యూటర్లలో అది పూడుతోంది. అందుకే ‘అప్‌డేట్లు ఆపేయండి, గోల వదిలిపోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దని మా వాళ్లందరికీ చెబుతుంటాను. అయితే భద్రత కోసం మనం తెరిచిపెట్టిన ఆ తలుపులోంచే డిజైనర్లు కూడా లోపలికి వచ్చేశారు. తాళం బాగుచేయడానికి వచ్చినవాడు వెళ్తూ వెళ్తూ గుమ్మం రెండడుగులు పక్కకి జరిపి పోయినట్టుంది వ్యవహారం.

ఈ కథలో అందరికంటే ఎక్కువ మాట పడింది ఫైర్‌ఫాక్సే. దానికి కారణమూ ఉంది. ‘నీ బ్రౌజర్ నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో’ అన్న మాట మీదే ఎంతోమంది దాని దగ్గరికి వెళ్లారు. 2014 ఏప్రిల్‌లో 29వ వెర్షన్‌తో ఆస్ట్రాలిస్ అనే కొత్త రూపం వచ్చింది. ట్యాబులు వంపు తిరిగాయి, కింద ఉండే యాడ్ఆన్ బార్ ఎగిరిపోయింది, చిన్న ఐకాన్లు పెట్టుకునే వీలు పోయింది. జనం గగ్గోలు పెట్టారు. తర్వాత తమ దారి తాము చూసుకున్నారు. క్లాసిక్ థీమ్ రిస్టోరర్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) పెట్టుకుంటే పాత రూపం తిరిగొచ్చేది. మూడేళ్లు అలా గడిచాయి. 2017 నవంబర్‌లో 57వ వెర్షన్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటికీ చెల్లుచీటీ ఇచ్చేసింది. ఆ నిర్ణయం వెనుక గట్టి సాంకేతిక కారణాలే ఉన్నాయి. పాత ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్ పేగుల్లోకి చేయి పెట్టేవి, వాటిని ఉంచితే వేగం, భద్రత రెండూ కుంటుపడేవి. కారణం సరైనదే అయినా జనానికి మిగిలింది మాత్రం, పాత ఇంటి తాళంచెవి కూడా చేజారిపోవడం.

2021 జూన్‌లో 89వ వెర్షన్‌తో ప్రోటాన్ అనే ఇంకో కొత్త రూపం వచ్చింది. ట్యాబులు బార్ నుంచి విడిపోయి గాల్లో తేలే బటన్లలా అయ్యాయి. చుట్టూ ఖాళీ జాగా పెరిగింది. అన్నీ దగ్గర దగ్గరగా కుదించి చూపించే కాంపాక్ట్ పద్ధతిని కంటికి కనబడే మెనూలోంచి తీసేశారు. పెద్ద మానిటర్ ముందు కూర్చుని గీసేవాడికి ఇది చిన్న విషయం. 768 పిక్సెళ్ల ఎత్తున్న లాప్‌టాప్ తెర మీద చదివేవాడికి పైన తిన్న ప్రతి గీతా కింద వ్యాసంలోంచి పోయినట్టే.

ఈ ప్రోటాన్ విషయంలోనే ఒక పద్ధతి గమనించండి, దాదాపు అన్ని కంపెనీలదీ ఇదే తంతు. కొత్త రూపం వచ్చినప్పుడు, నచ్చనివాళ్లు లోపల్లోపల ఉండే అబౌట్ కాన్ఫిగ్ పేజీకి వెళ్లి ఒక స్విచ్ తిప్పితే పాతది తిరిగొచ్చేది. గొడవ చేసేవాళ్లలో సగం మందికి అది చేతనవుతుంది కాబట్టి వాళ్లు సద్దుమణిగారు. ఆగస్టులో 91వ వెర్షన్ వచ్చింది, ఆ స్విచ్ పోయింది. అంటే గడువు రెండు నెలలు. అంతకుముందు 2020 ఏప్రిల్‌లో క్లిక్ చేయగానే ఉబ్బే అడ్రస్ బార్ విషయంలోనూ ఇంతే. స్విచ్ ఉంది కదా అని నిమ్మళించేలోపే అది మాయమైంది. 2023లో క్రోమ్ మూలలన్నీ గుండ్రం చేసుకుని వచ్చినప్పుడు కూడా ఫ్లాగ్స్ అనే దాని లోపలి సెట్టింగ్స్ పేజీలో కొన్నాళ్లు వెనక్కి వెళ్లే దారి ఉండేది, మరుసటి ఏడాది మూసేశారు. గట్టిగా అరిచేవాళ్లను చల్లబరచడానికే ఈ స్విచ్‌లు పనికొస్తున్నాయి. పెదనాన్నలాంటివాళ్లకు ఆ పేజీ ఉందనే తెలియదు, తెలిసినా అక్కడ మొదట కనబడే హెచ్చరిక చూసి టెన్షన్‌తో మూసేస్తారు.

పెద్ద హంగుల సంగతి అలా ఉంచితే, నిజంగా చేతికి తగిలేవి చిన్న మార్పులే. 88వ వెర్షన్ వచ్చేదాకా ఫైర్‌ఫాక్స్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ‘బొమ్మను చూడు’ అని ఒక ఆప్షన్ ఉండేది. నొక్కితే అదే ట్యాబులో బొమ్మ పెద్దగా వచ్చేది, వెనక్కి బాణం నొక్కితే మళ్లీ పేజీ. ఆ వెర్షన్‌లో దాన్ని ‘కొత్త ట్యాబులో తెరువు’గా మార్చారు. ఒక్క మాట తేడా, అంతే. కానీ రోజూ పది బొమ్మలు చూసేవాడికి పది ట్యాబులు పేరుకుంటాయి. వెనక్కి బాణం మీదికి చేయి దానంతటదే పోతుంది, అక్కడ వెనక్కి వెళ్లడానికేమీ ఉండదు. కొత్త ట్యాబు మూయబోయి అలవాటు కొద్దీ రెండుసార్లు నొక్కితే పక్కన చదువుతున్న పేజీ కూడా పోతుంది. చీకట్లో లేచి ఇంట్లో స్విచ్ వేసినట్టు బ్రౌజర్‌ను చేతితో వాడతాం, కళ్లతో కాదు. స్విచ్ బోర్డు పక్క గోడకు మార్చి, ‘ఇది ఇంకా అందంగా ఉంది చూడండి’ అంటే చీకట్లో తడుముకునేవాడికి ఏం ఒరుగుతుంది?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని మార్పులూ అన్యాయం కాదు. వెనక్కి వెళ్లడానికి బ్యాక్‌స్పేస్ నొక్కే అలవాటును క్రోమ్ 2016లో 52వ వెర్షన్‌తో తీసేసింది. పెద్ద ఫారం సగం నింపాక, కర్సర్ పెట్టెలో ఉందనుకుని ఆ కీ నొక్కితే పేజీ వెనక్కి పోయి రాసిందంతా గంగపాలయ్యేది. ఆ బాధ పడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. తీసేయడమే మంచిదైంది, పైగా పాత అలవాటు వదల్లేనివాళ్ల కోసం గూగుల్ సొంతంగా ఒక ఎక్స్‌టెన్షన్ కూడా ఇచ్చింది. నాకు ఆసక్తిగా అనిపించింది వాళ్లు చూపిన లెక్క. పేజీ వీక్షణల్లో 0.04 శాతమే బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వెళ్లినవట, వాటిలో ఫారం ముట్టుకున్నాక జరిగినవి మొత్తంలో 0.005 శాతం. ఇవి పేజీల లెక్కలు, మనుషుల లెక్కలు కావు. రోజుకు రెండుసార్లే ఆ కీ మీద ఆధారపడే మనిషి వేయి పేజీల మధ్య కనబడకుండా పోతాడు. ఈసారి లెక్క సరైన నిర్ణయానికే దారితీసింది, కానీ ఇదే తక్కెడలో ప్రతి బటన్‌నూ తూస్తే తేలేదేమిటి? తక్కువగా వాడేవన్నీ అనవసరమైనవనే కదా. మెట్ల పక్కన పట్టుకునే కమ్మీని కూడా జనం అరుదుగానే వాడతారు.

పైగా ఈ లెక్కలు ఎవరివి? బ్రౌజర్ వాడకం వివరాలు కంపెనీకి పంపొద్దని సెట్టింగ్స్‌లో ఆపేసుకునేది ఎక్కువగా ఎవరంటే, బ్రౌజర్ లోతులు తెలిసినవాళ్లు. సందుగొందుల్లో ఉన్న ఆప్షన్లు వాడేదీ వాళ్లే. వాళ్లు లెక్కలోంచి తప్పుకున్నాక, ‘ఈ ఆప్షన్ ఎవరూ వాడటం లేదు’ అని తేలడంలో వింతేముంది? ఇటువైపు పెదనాన్నలాంటివాళ్ల క్లిక్కులు లెక్కలోకి వస్తాయి, కానీ వాళ్ల తికమక రాదు. ఐదోది నొక్కి, కంగారుపడి, మూసేసి, మళ్లీ నొక్కితే ఆ కొత్త బటన్‌కు వాడకం పెరిగినట్టే నమోదవుతుంది!

అడ్రస్ బార్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. 2018 సెప్టెంబర్‌లో పదో పుట్టినరోజుకు క్రోమ్ కొత్త రూపంతో వస్తూ చిరునామాల ముందుండే డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూను దాచేసింది. రేగిన దుమారానికి వెనక్కి తగ్గి, మరుసటి ఏడాది మళ్లీ దాచింది. 2020లో ఒక అడుగు ముందుకేసి, పూర్తి చిరునామాకు బదులు సైట్ పేరు మాత్రమే చూపించే ప్రయోగం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. మోసపు సైట్లు పొడవాటి చిరునామాల్లో అసలు పేరును ముంచేస్తాయి కాబట్టి, పేరొక్కటే కనబడితే జనం పసిగడతారని ఆశ. తీరా చూస్తే భద్రత విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. 2021లో ప్రయోగం ఆపేసి, ఆ మాట బయటికే చెప్పారు. ఈ పద్ధతికి నేను చేతులెత్తి దండం పెడతాను. కొందరి మీద పరీక్షించి, ఫలితం లేదని తేలాక వదిలేయడం బ్రౌజర్ల లోకంలో అరుదు.

అదే కంపెనీ 2023లో అడ్రస్ బార్‌లో ఉండే తాళం గుర్తు తీసేసి, సెట్టింగ్స్‌ను తలపించే ఇంకో గుర్తు పెట్టింది. తమ 2021 అధ్యయనంలో 11 శాతం మందికే తాళం అర్థం సరిగ్గా తెలిసిందని కారణం చెప్పింది. తాళం ఉందంటే దారిలో ఎవరూ మన సమాచారం చదవలేరని మాత్రమే అర్థం, సైటు నమ్మదగినదని కాదు. దొంగ సైటుకూ తాళం ఉంటుంది. కాబట్టి తీసేయడం తప్పనలేను. కానీ ‘తాళం చూసి లోపలికి వెళ్లండి’ అని ఏళ్ల తరబడి జనానికి నూరిపోశాక, దాన్ని తీసేసిన రోజున తెర మీద నాలుగు ముక్కలు చెప్పాలా వద్దా? చెప్పాల్సింది ఇంజినీర్ల బ్లాగులో రాసి ఊరుకుంటే, ఆ బ్లాగు చదివేవాడికి ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

ఇన్ని మార్పులు ఎందుకు చేస్తారన్నదానికి ‘డిజైనర్లకు పని కావాలి కదా’ అన్న వెక్కిరింత ఒకటి ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. పాత కోడ్ రెండు రూపాల్లో మోయడం ఖర్చన్నదీ నిజమే. అయితే అంతకంటే పెద్ద కారణం డబ్బు. బ్రౌజర్ పైభాగంలో ఉన్న రెండంగుళాలు ప్రపంచంలోకెల్లా ఖరీదైన జాగాల్లో ఒకటి. ఆపిల్ బ్రౌజర్ సఫారీలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. ఒక్క పెట్టె వెల అంతైతే, దాని పక్కన కొత్త బటన్ పెట్టే అవకాశాన్ని ఎవరు వదులుకుంటారు? 2023లో మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజర్ కుడిమూలలో బింగ్ బటన్ పెట్టింది. కృత్రిమ మేధ సహాయకుల బటన్లు ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో మూల మొలుస్తున్నాయి. వీటిలో పనికొచ్చేవి ఉండొచ్చు. కానీ మెనూలో ఐదో స్థానంలోకి కొత్తది వచ్చి పాతది లోపలికి పోయిందంటే, అది వాడేవాడి సౌకర్యం చూసి జరిగిందని నమ్మడం నాకు కష్టం.

నచ్చకపోతే వేరే బ్రౌజర్‌కు మారొచ్చు కదా అంటారు. మారినవాళ్లు లేకపోలేదు. 2013లో ఒపెరా అనే బ్రౌజర్, పేజీలను తెర మీద చూపించే తన సొంత ఇంజన్ వదిలి, 15వ వెర్షన్‌లో బుక్‌మార్కులు కూడా లేకుండా వచ్చినప్పుడు, దాని పాత అభిమానులు దిక్కులేనివాళ్లయ్యారు. ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన యాన్ ఫాన్ టెట్జ్‌నర్ బయటికి వచ్చి మొదలుపెట్టిన వివాల్డి బ్రౌజర్‌లో ట్యాబులు పైనా, కిందా, పక్కనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇంత వెసులుబాటు సాధ్యమేనని అది రుజువు. కానీ పాస్‌వర్డులు, బుక్‌మార్కులు, ఇన్నేళ్ల చేతి అలవాటు మూటగట్టుకుని ఇల్లు మారడం అందరివల్లా అయ్యే పని కాదు. పైగా ఇల్లు మారితే గుమ్మం ఎలాగూ కొత్తదే.

సవ్యంగా చేసినవాళ్లూ ఉన్నారు. 2021లో ఆపిల్ ఐఫోన్ సఫారీలో అడ్రస్ బార్‌ను కిందికి దించింది. పరీక్ష దశలోనే జనం మండిపడితే, కిందా పైనా ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునేలా సెట్టింగ్ ఇచ్చి విడుదల చేసింది. మాక్‌లో ట్యాబుల కొత్త వరసను కూడా ఐచ్ఛికం చేసింది. నిలువు ట్యాబుల విషయంలో ఫైర్‌ఫాక్స్ 2025లో అదే మర్యాద పాటించింది. కావాలనుకున్నవాళ్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకుంటారు, అడగనివాళ్ల ట్యాబులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎవరూ గొడవ చేయలేదు, చేయడానికి ఏముంది?

నన్నడిగితే రూపం మార్పులకు వేరే గడియారం ఉండాలి. మరమ్మతులు నాలుగు వారాలకు కాదు, నాలుగు రోజులకు వచ్చినా సరే. రూపం మాత్రం ఏడాదికొకసారి, ముందుగా చెప్పి, పాతది కనీసం ఇంకో ఏడాది అందరికీ కనబడే సెట్టింగ్‌లో ఉంచి మార్చాలి. ఒక బటన్ తీసేస్తే ఆ స్థానంలో వెంటనే ఇంకో పని చేసే బటన్ పెట్టకూడదు. చేయి అలవాటుగా అక్కడికే వస్తుంది, అక్కడ ఖాళీ ఉంటే ఏదో మారిందని తెలుస్తుంది, వేరేది ఉంటే ప్రమాదం జరుగుతుంది. విండోస్ 8లో 2012లో తీసేసిన స్టార్ట్ బటన్‌ను మరుసటి ఏడాదే 8.1లో తిరిగి పెట్టిన అనుభవం ఈ పరిశ్రమకు ఉంది. కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

ప్రస్తుతానికి దీనికి దగ్గరగా ఉన్నది ఒక్కటే. పెద్ద సంస్థల కోసం ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ అని ఒక వెర్షన్ ఇస్తారు. భద్రతా మరమ్మతులు ఎప్పటికప్పుడు వస్తాయి, మిగతావి ఏడాదికోసారే మారతాయి. మామూలు మనుషులు కూడా దించుకోవచ్చు, కాకపోతే వాళ్లకు ఎవరూ ఆ మాట చెప్పరు. పెదనాన్నగారి కంప్యూటర్‌లో మొన్న అదే పెట్టి వచ్చాను. పక్కన కూర్చుని కొత్త పేజీ రాసుకున్నారు. ప్రింటు ఈసారి పైనుంచి లెక్కపెట్టుకున్నారు. ఏడాది పాటు ఇది ఇలాగే ఉంటుంది, తర్వాత మారుతుంది పెదనాన్నా అని చెప్పాను. ఏ తారీఖున అని అడిగారు. సుమారుగా ఒక నెల చెబితే, పేజీ పైన ఆ నెల పేరు రాసి, పక్కన నా ఫోన్ నంబర్ వేసుకున్నారు.